అటక దులిపిన శుక్రవారం

ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకి డిస్కు నిండిపోవడమంటే ఏమిటో తెలియదు. నిండితే ఇంకాస్త అద్దెకు తెచ్చుకుంటారు. మాకు ఆ సుఖం లేదు. శ్రీకాకుళంలో ఒక మందుల షాపు పైన రెండో అంతస్తులో మా ఆఫీసు. అందులో ఒకటే సర్వరు. అది నిండిందంటే పెళ్ళింట్లో నీళ్ళు అయిపోయినట్టే, ఒకరి మీద ఒకరం అరుచుకునేవాళ్ళం. ఆ అరుపుల్లో నా వాటా ఎప్పుడూ ఎక్కువే ఉండేది.

ఆ సర్వరుని చూసుకోవడం నా ఉద్యోగం. ప్రోగ్రాములు రాసేది వేరేవాళ్ళు. వాళ్ళు రాసింది చెడిపోకుండా, పోకుండా, కరెంటు పోయినా బతికి ఉండేలా కాపాడేది నేను. మా నాన్న మిషన్ బడిలో లెక్కల మేష్టారు. కడిగిన గిన్నె దాని చోట్లో లేకపోతే మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన మొదలయ్యేది కాదు. ఆ పెంపకమో ఏమో, చిందరవందరగా ఉంటే నాకు ఒళ్ళు మండుతుంది. రిటైరై ఇంట్లో కూర్చున్నా ఆ జబ్బు తగ్గలేదు, మా ఇంట్లోవాళ్ళని అడగండి.

నేను చెప్పబోయేది చౌకరకం స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే పడవల్లోకి ఎక్కుతున్న రోజుల మాట. వేటకెళ్ళేవాళ్ళకి వాతావరణ హెచ్చరికలు ఫోన్లో గట్టిగా పలికే ప్రోగ్రాం ఒకటి మేం తయారుచేస్తున్నాం. మబ్బుల బొమ్మలూ, గాలి వేగాలూ చూసి అర్థం చేసుకునే తీరిక నడిసముద్రంలో ఎవరికి ఉంటుంది? అందుకని మాది మూడే మాటలు పలుకుతుంది. వెళ్ళొచ్చు, జాగ్రత్త, ప్రమాదం. అంతే.

మొదట్లో ఒక చక్కటి గొంతున్న అమ్మాయితో చదివించాం. "మత్స్యకార సోదరులకు విజ్ఞప్తి, సముద్రం అల్లకల్లోలంగా ఉండును" అని ఆ పిల్ల ముత్యాల్లా పలికింది. శ్రీకూర్మం దాటాక ఒడ్డున ఉన్న ఒక పల్లెకి పట్టుకెళ్ళి వినిపించాం. ఒక పెద్దాయన శ్రద్ధగా విని, తలపాగా విప్పి చేత్తో పట్టుకుని, "ఎవులు బాబూ, పోనారు?" అని అడిగాడు. ఎవరో పెద్దమనిషి చనిపోతే రేడియోలో ఇలాగే చెబుతారట. మేం ముఖాలు చూసుకుని వెనక్కి వచ్చేశాం.

ఆ పల్లె కుర్రాడే మా ఆఫీసులో ప్రోగ్రామరు. వాళ్ళ ఇంట్లో చదువుకున్నది అతనొక్కడే. తండ్రి లేడు. తమ్ముడు వేటకి వెళ్తాడు. తల్లి చేపలమ్ముతుంది. ఆమె నాకు ఎప్పటినుంచో తెలుసు. గంప నెత్తిన పెట్టుకుని మా వీధి మొదట్లో "సేపలో" అని ఒక్క కేక వేస్తే, వీధి చివర మా ఇంట్లో పిల్లి లేచి కూర్చునేది. మా వైపు అక్కని అప్ప అంటారు. ఆమె నన్ను అప్పా అని పిలిచేది. బేరం మాత్రం అప్పకని తగ్గించేది కాదు.

"మీ అమ్మ గొంతు పెట్టరాదూ?" అని నేనే అన్నాను ఆ కుర్రాడితో. అతను సిగ్గుపడ్డాడు గానీ, ఫోన్ పట్టుకెళ్ళి ఒడ్డునే రికార్డు చేసి తెచ్చాడు. "ఒరే, సంద్రం బాగోలేదు, మాట ఇనండ్రా, ఎనక్కి తిరగండి" అని ప్రమాదానికి. "బాగున్నాది, ఎల్లి రండి బాబూ" అని మంచి రోజుకి. ఇంకొకటి జాగ్రత్తకి. వాటిని మళ్ళీ ఆ ఒడ్డునే వినిపిస్తే, వల కుట్టుకుంటున్న మగాళ్ళంతా తలలెత్తి చూశారు. ఒకడు బీడీ కూడా పారేశాడు. అప్పుడే అనుకున్నాం, ఈ ప్రోగ్రాంకి ఇంక వేరే గొంతు లేదని.

ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వేట మీద నిషేధం ఉంటుంది. అది ముగిసిన మర్నాడు తెల్లవారకుండానే ఒడ్డున ఉన్న పడవలన్నీ ఒక్కసారి దిగుతాయి. ఆ పడవలతోపాటు మా ప్రోగ్రాం కూడా దిగాలి. మాకు ఆ పని అప్పగించిన సంస్థవాళ్ళతో ఆ మేరకే ఒప్పందం.

ఇంకో వారంలో నిషేధం ముగుస్తుందనగా, పరీక్ష కోసం ఫోన్లలో వేసి చూశాం. ప్రమాదం అని పంపిస్తే కొన్ని ఫోన్లు సరిగ్గానే పలికాయి. కొన్ని మాత్రం "బాగున్నాది, ఎల్లి రండి బాబూ" అన్నాయి. ఆ పలికిన ఫోన్లలో ఒకటి ప్రోగ్రామరు తమ్ముడిది. వాడు పడీపడీ నవ్వి, "అన్నా, అమ్మ నన్ను సంద్రంలోకి తోసీసినాదిరా" అన్నాడు. అన్న నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. తుపాను రోజున కన్నతల్లి గొంతుతో వెళ్ళిరమ్మని చెప్పే యంత్రాన్ని మేం తయారుచేశామన్నమాట.

ఆ కుర్రాడు తిండి మానేసి తప్పు వెతికాడు. సోర్సులో, అంటే తను రాసిన అసలు ప్రోగ్రాంలో, అన్నీ సరిగ్గానే కనిపించాయి. ఏ మాటకి ఏ గొంతు అన్నది సరిగ్గానే ఉంది. సరిచూశాడు, మళ్ళీ తయారుచేశాడు, మళ్ళీ అదే గోల. పక్క సీట్లో ఇంకొకతను "నువ్వు మార్సినావేటి?" అంటే ఇతను "నువ్వే మార్సినావు" అనేవాడు. ఇద్దరూ భోజనానికి కలిసి వెళ్ళడం మానేశారు. పైగా కొత్తది తయారవుతూ మధ్యలో ఆగిపోవడం మొదలైంది. డిస్కులో చోటు లేదని సర్వరు మొర పెడుతోంది.

అప్పుడు నేను సర్వరులోకి దిగి చూశాను. చూస్తే నాకు మతిపోయింది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లల కోసం ఒక మాట చెప్పాలి. సోర్సు అంటే బియ్యం. దాన్ని వండితే వచ్చేది బిల్డ్. ఆ వండింది బిల్డ్ అనే పేరున్న ఫోల్డర్లో పడుతుంది. బియ్యం ఉంటే అన్నం ఎప్పుడైనా మళ్ళీ వండుకోవచ్చు కనక, దాన్ని ఎవరూ దాచుకోరు. మా వాళ్ళు దాచుకున్నారు. చిన్న మార్పు చేయాలన్నా మొత్తం ప్రాజెక్టుని ఇంకో కాపీ తీసి, దానికి ఫైనల్ అనీ, కొత్త ఫైనల్ అనీ, అసలు ఫైనల్ అనీ పేర్లు పెట్టారు. ప్రతి ఫైనల్లోనూ ఒక బిల్డ్, కొన్నిట్లో బిల్డ్ లోపల బిల్డ్. వాటిలో పాత గొంతులూ, మూడు మాటల వరుస మార్చకముందు ఒక్కో మాటకి ఇచ్చిన పాత నంబర్లూ అలాగే ఉన్నాయి. తయారుచేసే యంత్రం బద్ధకస్తురాలు. ముందే వండింది కనిపిస్తే మళ్ళీ వండదు. నిన్నటి చద్దన్నాన్ని ఇవాళ్టి అన్నంలో కలిపేసి వడ్డిస్తోంది. చద్ది పడ్డ ఫోన్లు తప్పు పలుకుతున్నాయి.

ఇంకో సంగతి కూడా బయటపడింది. బిల్డ్ ఫోల్డర్లని రోజూ తీసే బ్యాకప్పులో చేర్చేవాళ్ళం కాదు, ఒక్కొక్కరికీ ఇచ్చిన చోటు లెక్కలోకీ తీసుకునేవాళ్ళం కాదు. అన్ని ఆఫీసుల్లోనూ అంతే. మా వాళ్ళు ఆ కిటుకు కనిపెట్టి బిల్డ్ ఫోల్డరుని అటకలా వాడుకుంటున్నారు. ఒకరి పెళ్ళి వీడియో, ఒకరి పిల్లాడి పుట్టినరోజు ఫొటోలు, మా చర్చి గాయక బృందం పాటలు, బోలెడన్ని సినిమాలు. మా ఆఫీసు నడిపే సారువి కూడా ఉన్నాయి. ఎవరో స్వామీజీ ఉపన్యాసాలు.

నిషేధం ముగిసే రోజు శుక్రవారం పడింది. ఆ ఉదయం ఆఫీసుకి వెళ్తూనే చెప్పాను. "ఈ సర్వరులో ఉన్న బిల్డ్ ఫోల్డర్లన్నీ తుడిచేస్తున్నాను. ఎవరి సామాను వాళ్ళు పెన్‌డ్రైవుల్లోకి దించుకోండి. తుడిచాక మొదటినుంచీ వండుదాం."

మా సారుది విజయనగరం. మంచివాడు, మెత్తనివాడు. ఎవరి మనసూ నొప్పించలేడు, అందుకే ఏ పనీ తెమల్చలేడు. ఆయన నెమ్మదిగా నా దగ్గరకొచ్చి, "శుక్రవారం పూట ఊడ్చి బయట పారబోయడం ఏటండి మేడమ్? లచ్చిమి పోతాదండి. రేపు సెయ్యండి" అన్నాడు.

"రేపు తెల్లారేసరికి పడవలు దిగుతాయి సార్."

"పోనీ, ఇప్పుడున్నదే ఇచ్చీద్దాం. కొన్ని ఫోన్లే కదండి తేడాగా మాటాడుతున్నాయి? తరవాత సరిసేసుకోవచ్చు."

"ఆ కొన్ని ఫోన్లలో ఒకటి ఈ బాబు తమ్ముడిది" అని ప్రోగ్రామరుని చూపించాను. "మీరు వెళ్ళి వాళ్ళ అమ్మతో చెప్పి రండి, తరవాత సరిచేస్తామని."

సారు తన ఉపన్యాసాలు దించుకోవడానికి వెళ్ళిపోయాడు.

పక్క సీటు అతను నాకు సాయం చేద్దామని, తెరమీద ఒక ఫోల్డరు పట్టుకుని డిలీట్ కొట్టాడు. లోపల ఎన్ని ఫైళ్ళున్నాయో లెక్కపెడుతూ తెరమీది విండో అలా వేలాడుతూనే ఉంది. అతను టీ తాగి వచ్చినా ఇంకా లెక్కపెడుతూనే ఉంది. "ఇలా అయితే మనం రిటైరవుతాం, అది అవదు. లే" అని అతన్ని లేపి నేను కూర్చున్నాను. నల్ల తెర తెరిచి ముందు ఈ ఒక్క లైను కొట్టాను.

find . -type d -name build -prune -print

ఉన్నచోటినుంచి కిందకి వెతుకు, బిల్డ్ అన్న పేరుతో ఫోల్డరు దొరికితే దాని పేరు చూపించు, దొరికిన దాని లోపలికి మళ్ళీ దూరకు, అని దీని అర్థం. ఆ దూరకు అన్న మాటే ప్రాణం. అది లేకపోతే యంత్రం ఒక్కో బిల్డ్ కడుపులోకీ దిగి, అక్కడ ఉన్న చెత్తంతా తిరిగి, సాయంత్రానికి గానీ పైకి రాదు. పైగా మనం తుడిచేసిన ఫోల్డర్లోకే వెళ్ళబోయి, లేదు లేదని గోలపెడుతుంది. తుడిచే ముందు చూడడం కూడా అంతే ముఖ్యం. ఏం పోతుందో కళ్ళతో చూడకుండా తుడిచేవాడు నా దృష్టిలో ధైర్యవంతుడు కాడు, తొందరపాటు మనిషి.

తెరనిండా పేర్లు జలజలా రాలాయి. అందరినీ పిలిచి నిలబెట్టి ఒక్కొక్క పేరూ చదివాను. ఒకరు "అయ్యో, మా పాప బారసాల" అని పరిగెత్తారు, ఇంకొకరు పెళ్ళి వీడియో దించుకున్నారు. చర్చి పాటలు నేనే దింపాను. ప్రోగ్రామరు వంతు వచ్చింది.

"నాదేటీ లేదు మేడమ్. అంతా సోర్సులోనే ఉన్నాది. కొట్టీండి" అన్నాడు.

"మళ్ళీ చూసుకో బాబూ."

"సూసాను మేడమ్. బేగి కొట్టీండి, మళ్ళీ వండాలి కదా."

కొట్టాను.

find . -type d -name build -prune -exec rm -rf {} +

చివర్న ఉన్న ఆ కూడిక గుర్తు చూశారా? ఒక్కో ఫోల్డరుకి ఒక్కోసారి చీపురు తీసి పెట్టకుండా, దొరికినవన్నీ దోసిట్లో పోగేసి ఒకేసారి పారబోయమని దానికి చెప్పడమన్నమాట. తెరమీద ఏమీ కనిపించలేదు. కాసేపటికి, తరవాత ఏం చేయాలని అడిగే గుర్తు మళ్ళీ వచ్చి నిలబడింది. డిస్కు చూస్తే సగానికి పైగా ఖాళీ. ఆ ఖాళీ చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పరీక్ష ఫోన్లన్నిటిలోంచీ పాత ప్రోగ్రాంని ఉదయమే తీసేయించాను, కొత్తది ఎక్కించడానికి. అంటే పాతది అన్నది ఇక ఎక్కడా లేదు.

మొదటినుంచీ వండడం మొదలుపెట్టాం. ఆ ముసలి సర్వరు రొప్పుతూ రొప్పుతూ మధ్యాహ్నం దాకా నడిచి, ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది. ఫైలు లేదంది. ఏ ఫైలు అని చూస్తే, ప్రమాదం మాట. ఆ తల్లి గొంతు.

ప్రోగ్రామరు సోర్సంతా వెతికాడు. రెండు మాటలున్నాయి, మూడోది లేదు. బ్యాకప్పులు తీశాను, వాటిల్లోనూ లేదు. తల పట్టుకుని కూర్చుని, కాసేపటికి గుర్తు తెచ్చుకుని చెప్పాడు. ఆ రోజు ఒడ్డునుంచి రాగానే ఎలా వినిపిస్తుందో చూద్దామని తొందరలో దాన్ని నేరుగా బిల్డ్ ఫోల్డర్లోనే పడేశాడట. పలికింది. బాగుందన్నాం. మిగతా రెండూ తరవాత పద్ధతిగా సోర్సులో పెట్టాడు. ఇది మాత్రం మరిచిపోయాడు. ఫోన్లో ఉన్నదాన్ని ఎప్పుడో చెరిపేశాడు.

"ఇనబడతన్నాది కదా మేడమ్, ఉన్నాదనుకున్నాను" అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సారు వెనకనుంచి, "సెప్పినాను కదండి, శుక్రవారమని" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ ఫైలు ఇవాళ పోలేదు సార్. సోర్సులో అది ఎప్పుడూ లేదు. లేదన్న సంగతి ఇవాళ తెలిసింది. ఊడవకుండా ఉంటే తుపాను రోజున తెలిసేది."

మీలో ఎవరైనా అడగొచ్చు, తుడిచే బదులు పక్కన పెట్టుకోవచ్చు కదా అని. ఎక్కడ పెట్టాలి? సగం సర్వరు మా పెన్‌డ్రైవుల్లో పట్టదు. ఉన్నది ఆ ఒక్క డిస్కే, దానికే ఊపిరాడడం లేదు. ఇప్పుడు అదే పరిస్థితి వస్తే మళ్ళీ తుడుస్తాను. చద్దన్నం పెట్టుకుని దాన్నే తాజాగా ఉందని అనుకోవడం కంటే, అన్నం లేదని తెలుసుకుని పొయ్యి వెలిగించడం నయం.

"ఆ రేడియో పిల్ల గొంతు ఉన్నాది కదండి, దాన్నే పెట్టీద్దాం" అన్నాడు సారు.

"అది విని ఎవరూ వెనక్కి రారు సార్. ఎవరు పోయారో కనుక్కుంటారు. బాబూ, లే, మీ ఊరు వెళ్దాం."

ఆటోలో శ్రీకూర్మం దాటి, సరుగుడు తోటల మధ్యనుంచి ఒడ్డుకి చేరేసరికి ఎండ కాస్త తగ్గింది. ఒడ్డంతా పడవలే. రంగులు కొత్తగా వేశారు. ప్రతి పడవ ముక్కుకీ పసుపూ కుంకుమా బంతిపూల దండా. గంగమ్మకి మొక్కు చెల్లించి కోళ్ళు కోసిన వాసన. ప్రోగ్రామరు తమ్ముడు వాళ్ళ పడవలోకి కొత్త వల ఎత్తుతున్నాడు. చలికాలమంతా ఇంటిల్లిపాదీ కూర్చుని అల్లుకున్న వల అది. తల్లి ప్రసాదం పంచుతోంది.

"ఏటప్పా, ఇలగ వచ్చినావు? సేపలు రేపు గానీ రావు" అని నవ్వింది నన్ను చూసి.

సంగతి చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"అమ్మో. ఇయ్యాల నాను అనను."

"ఒక్క మాటే కదా. ఇదివరకు అన్నదేగా."

"అప్పుడు పడవ ఒడ్డు మీద ఉన్నాది. పని లేదు. ఇయ్యాల బొట్టెట్టీసినాం. పడవకి బొట్టెట్టినాక ఆ ఇంటి ఆడది సంద్రాన్ని సెడ్డమాట అనదప్పా. దిగినోళ్ళు ఒడ్డెక్కీదాకా అనదు. మా అత్త అనలేదు, నాను అనను."

కొడుకు బతిమాలాడు. "అమ్మా, తమ్ముడి మంచికే కదే."

"ఒరే సదువుకున్నోడా, నీ తమ్ముడి మంచికే అననంతన్నాను" అని కసిరింది. చుట్టుపక్కల ఆడవాళ్ళని అడిగాను. ఒక్కరూ ముందుకి రాలేదు. అందరి పడవలకీ బొట్టు ఉంది.

నాకు ఆ పట్టింపు లేదు. పడవా లేదు. "సరే, నేనే అంటాను" అని ఫోన్ తీసుకుని, "ఒరే, సంద్రం బాగోలేదు, ఎనక్కి తిరగండి" అని నా శక్తికొద్దీ అరిచాను. ఒడ్డున ఉన్న మగాళ్ళు ఒక్క క్షణం చూసి పగలబడి నవ్వారు. "పంతులమ్మ బడిగంట కొట్టినట్టున్నాది" అన్నాడు ఒకడు. నా పౌరుషం అక్కడితో దిగిపోయింది.

సారు శుక్రవారం పట్టింపుని పొద్దున తోసేసిన మనిషిని నేనే. కానీ ఈమెని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. సారుది ఊరికే అలవాటు. ఈమెది భయం. భర్తని ఇదే సముద్రంలో పోగొట్టుకున్న మనిషి, ఉన్న ఒక్క కట్టుబాటునీ వదులుకోమంటే ఎలా వదులుకుంటుంది? అలాగని ఖాళీ చేతులతో వెళ్ళడానికీ నేను సిద్ధంగా లేను. ఆ మాట లేకుండా పడవలు దిగడానికి వీల్లేదని ఇసకలో చతికిలబడి కూర్చున్నాను.

పొద్దు వాలుతోంది. మగాళ్ళు కొందరు పడవని నీళ్ళ అంచుదాకా నెట్టి, సరదాగా అలల్లోకి దిగి ఆడుతున్నారు. తమ్ముడు అందరికంటే లోపలికి వెళ్ళాడు. ఇంటి దగ్గర మొక్కు కూర వండి ఉంది. తల్లి నడుం మీద చెయ్యి పెట్టుకుని, వీధులన్నీ వినే ఆ గొంతుతో ఒక్కటే కేక వేసింది.

"ఒరే, ఇంటికి వచ్చీయండ్రా! సాలింక, బేగి వచ్చీయండి!"

నీళ్ళల్లో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. ఆమె కొడుకులు కానివాళ్ళు కూడా. తమ్ముడు ఒక్క మాటన్నా ఎదురు చెప్పకుండా ఈదుకుంటూ వచ్చేశాడు.

నేను ఇసక దులుపుకుని లేచాను. "ఇదిగో, ఇప్పుడన్నావే, ఇది చాలు. ఇది చెడ్డమాటా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ఇదేటి సెడ్డమాట? రోజూ అనీదే కదప్పా."

"సంద్రాన్ని ఏమైనా అన్నావా?"

"సంద్రాన్ని నానేటన్నాను? నా గుంటల్ని, నా బిడ్డల్ని పిలుసుకున్నాను."

"మళ్ళీ పిలు."

పిలిచింది. మొదటిసారి ఫోన్ని చూసి సిగ్గుపడి గొంతు తగ్గించింది. "ఫోన్ని చూడకు, ఆ నీళ్ళకేసి చూడు" అన్నాను. రెండోసారి నిజంగా పిలిచింది. ప్రోగ్రామరు అక్కడే, నా కళ్ళముందే దాన్ని సోర్సు ఫోల్డర్లో పెట్టాడు. ఆటోలో ఆఫీసుకి వెళ్ళేదాకా ఫోన్ని చొక్కా జేబులోంచి తీసి తీసి చూసుకున్నాడు. మిగతాదంతా అప్పటికే శుభ్రంగా వండి ఉంది కనక ఎక్కువసేపు పట్టలేదు. ప్రమాదం అని పంపితే అన్ని ఫోన్లూ ఒకే మాట అన్నాయి. సారు కూడా పక్కనే నిలబడి విని, "ఇది బాగున్నాదండి" అన్నాడు. ప్రోగ్రామరూ పక్క సీటు అతనూ కలిసి బయటికి వెళ్ళి తిని వచ్చారు. తెల్లవారుజామున పడవలు దిగేముందు ఒడ్డున ఒకరి ఫోన్లోంచి ఒకరి ఫోన్లోకి దాన్ని ఎక్కించారు.

ఆ వానాకాలంలో చాలా రోజులు అది "ఎల్లి రండి బాబూ" అనే అంది. ఒక మధ్యాహ్నం వాతావరణ శాఖవాళ్ళ దగ్గరనుంచి వచ్చిన కబురు వేరేగా ఉంది. ప్రోగ్రాం దానంతట అదే ప్రమాదం పంపించింది. ప్రోగ్రామరు కుర్చీలోంచి లేచిపోయాడు. అతని వెంట నేనూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే చెప్పలేను. ఆఫీసులో కూర్చోలేకపోయాను.

ఒడ్డు చేరేసరికి గాలి మొదలైంది. పడవలు ఒక్కటొక్కటిగా వస్తున్నాయి. దగ్గరికొచ్చిన ప్రతి పడవలోంచీ ఆమె గొంతే. వచ్చీయండ్రా, బేగి వచ్చీయండి అని. ఆపడం తెలియనివాళ్ళ ఫోన్లు అలాగే అరుస్తున్నాయి. ఆ తల్లి మాత్రం నోరు తెరవలేదు. నీళ్ళల్లో మోకాలిదాకా దిగి నిలబడింది. తమ్ముడి పడవ రాలేదు. అందరిదీ వచ్చింది, అతనిది రాలేదు. నాకు వచ్చిన కీర్తనలూ ప్రార్థనలూ అన్నీ చదివేశాను. మేం పెట్టిన మాట ఆ ఫోన్లో సరిగ్గా పలికిందా, పాతదేదో మళ్ళీ ఎక్కడినుంచైనా దూరిందా అని ఒకటే గుబులు.

వాన మొదలయ్యాక కనిపించింది. అల మీదకి ఎక్కి దిగి, ఎక్కి దిగి, అడ్డంగా ఇసకలోకి వచ్చి పడింది. నలుగురం లాగాం. తమ్ముడు దిగాడు. పడవలో వల లేదు.

తల్లి ముందు పడవలోకి చూసింది. "వలేదిరా?"

"కోసీసినానమ్మా."

"కోసీసినావా? కొత్త వలరా! సలికాలమంతా కూకోని అల్లినాం కదరా!" అని వాడి వీపు మీద చరిచింది.

"లాగుతన్నాను, నువ్వు పిలిసినావు. సగం లాగినాను, ఇంకోపాలి పిలిసినావు. ఇంకేటి సెయ్యను? కోసీసి వచ్చీసినాను."

చరిచిన చెయ్యి అలాగే వాడి వీపు మీద ఉండిపోయింది. తరవాత ఆమె వాడి చొక్కా గుప్పిట పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గేం లేదు.

కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని నా దగ్గరకొచ్చింది. "అప్పా, ఆ ఫోను తియ్యి. ఇంకోపాలి మాటాడతాను."

"ఇప్పుడా? ఈ వానలోనా?"

"అందరూ ఒడ్డెక్కీసినారు కదా, ఇప్పుడేటి."

ప్రోగ్రామరు తన చొక్కాతో వాన అడ్డంపెట్టి ఫోన్ పట్టుకున్నాడు. ఆమె ఈసారి ఫోన్ని చూడలేదు, సిగ్గుపడలేదు. నీళ్ళకేసి తిరిగి అరిచింది.

"ఒరే, వల వదిలీండ్రా! కోసీసైనా వచ్చీయండి! వల మళ్ళీ అల్లుకుందుము!"